ఖతీజా చూపించిన మడుగు

ఒమాన్ దేశంలో షినాస్ అనే ఊళ్ళో కాపురం పెట్టిన మొదటి ఆర్నెల్లూ శేషుకుమారి చేసిన పని ఒక్కటే, ఇసక ఊడవడం. పొద్దున్న గుమ్మం అవతలికి తోసిన ఇసక, మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి గుమ్మం ఇవతల ఉండేది. అది 1974. సోహార్ నుంచి సరిహద్దు దాకా సముద్రం పక్కన తారురోడ్డు వేస్తున్న కంపెనీలో ఆవిడ భర్త సత్యనారాయణమూర్తి సర్వేయరు. కొలతల మనిషి. ఇంట్లో మాటలు కూడా కొలిచే వాడేవాడు. "ఉప్పు తగ్గింది." "గుండీ ఊడింది." "రేపు పెందరాళే వెళ్ళాలి." ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకి ఆయన నోట వినబడిన కబుర్లు ఇంచుమించు ఇవే. కొట్టలేదు, తిట్టలేదు, జీతం తెచ్చి చేతిలో పెట్టేవాడు. అంతకంటే ఏం కావాలే నీకు అని పుట్టింటివాళ్ళు అనేవారు. ఆవిడ నోరు మూసుకునేది.

పిల్లల్లేరు. దగ్గర్లో మరో తెలుగు కుటుంబం లేదు. కంపెనీ క్యాంపులో జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి వచ్చిన కూలీలు ఉన్నారు గాని, సర్వేయరు భార్య క్యాంపు వైపు వెళ్తే బాగోదని మూర్తిగారి అభిప్రాయం. నీళ్ళ టాంకరు మీద వచ్చే దేవయ్య ఒక్కడే ఆవిడకి తెలుగు వినిపించే దిక్కు. పైపు తొట్టిలో పెట్టి, అది నిండేలోపు తన ఊరి సంగతులన్నీ చెప్పేసి వెళ్ళేవాడు.

శేషుకుమారిది తాళ్ళరేవు. నాన్న రైసుమిల్లు గుమస్తా. ఆదివారం వచ్చిందంటే ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని కోరంగి మడ అడవి అంచున గేలం వేసుకుని కూర్చునేవాడు. ఆడపిల్లకి ఇదేం చదువని తల్లి సణిగితే, చేపకి ఆడా మగా తేడా తెలీదే అని నవ్వేవాడు. పెళ్ళి కుదరగానే తల్లి ఆ గేలం కర్రని పందిరికి ఆసరాగా కట్టించేసింది. పిల్ల మాత్రం తక్కువది కాదు. అత్తారింటికి తెచ్చుకున్న కుంకుమభరిణ అడుగున రెండు గేలపు ముళ్ళు పెట్టుకునే వచ్చింది. ఎనిమిదేళ్ళూ ఆ ముళ్ళు కుంకుమలోనే ఉన్నాయి. ఒమాన్‌కీ వచ్చాయి.

ఒకరోజు ఒడ్డున చేపలు కొనడానికి వెళ్ళినప్పుడు ఆవిడకి ఊరికి ఉత్తరంగా మడచెట్లు కనిపించాయి. ఎడారి దేశంలో, ఉప్పునీటి పాయ పక్కన, అచ్చం కోరంగిలో ఉన్నట్టే వేళ్ళు పైకి పొడుచుకుని నిలబడి ఉన్నాయి. శేషుకుమారి అక్కడే నిలబడి ఏడ్చింది. ఏడుపు అయ్యాక, ఇంటికెళ్ళి పాలపొడి డబ్బాకి నైలాను దారం చుట్టి, భరిణలోంచి ముల్లు తీసి కుంకుమ కడిగింది.

మూడో రోజో నాలుగో రోజో, పాయ ఒడ్డున ఎవరో వెనక నిలబడ్డారనిపించి తిరిగి చూసింది. నల్లటి బురఖా మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని, చేతిలో ఖర్జూరపు మట్టకి చుట్టిన దారంతో ఒకావిడ. పేరు ఖతీజా. బలూచీ మనిషి, విధవరాలు. చిన్నప్పుడు కొన్నాళ్ళు సముద్రం అవతల, ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న గ్వాదర్‌లో తండ్రివైపు వాళ్ళ దగ్గర పెరిగింది కాబట్టి హిందుస్తానీ వచ్చు. శేషుకుమారికి వచ్చిన హిందీ కాకినాడలో ప్రాథమిక, మధ్యమ పరీక్షలు రాసిన హిందీ. ఆ రెండూ కలిసి ఒక కొత్త భాష పుట్టింది, దానికి వ్యాకరణం వాళ్ళిద్దరిదే.

"ఇక్కడ పీతలు తప్ప ఏం పడవు నీకు" అంది ఖతీజా.

"మరెక్కడ పడతాయి?"

ఖతీజా వంగి, శేషుకుమారి ముల్లుకి వేసిన ముడి పట్టుకుని లాగి చూసింది. ఊడలేదు. అది తండ్రి నేర్పిన ముడి. మర్నాడూ వచ్చి చూసింది, ఆ పై వారమూ వచ్చింది. చివరికి ఒకరోజు, రమ్మని తలూపి, మడచెట్ల మధ్య నుంచి బురదలో నడిపించుకుంటూ తీసుకెళ్ళింది. లోపల పాయ ఒక వంపు తిరిగేచోట మడుగుంది. చుట్టూ కొమ్మలు కమ్ముకుని నీళ్ళు నల్లగా కనబడుతున్నాయి. ఒడ్డున సగం మునిగిన రాయి ఒకటి.

"ఇది మా అమ్మ చోటు. అమ్మకి వాళ్ళమ్మ చూపించింది. నాకు కూతుళ్ళు లేరు" అంది ఖతీజా రాయి మీద చోటిస్తూ. "మగాళ్ళకి సముద్రం ఉంది, పడవలున్నాయి, వలలున్నాయి. ఈ చోటు తెలిస్తే ఇక్కడా పడతారు. ఒక్క రోజుతో సరి. నా మొగుడికి కూడా చెప్పలేదు నేను."

"ఆయన అడగలేదా, చేప ఎక్కణ్ణించి వచ్చిందని?"

"అడిగేవాడు. కొన్నానని చెప్పేదాన్ని. పోయేదాకా అదే నమ్మాడు పాపం."

శేషుకుమారికి నవ్వాగలేదు. మొగుడి దగ్గర చేప దాచుకునే ఆడదాన్ని అదే మొదటిసారి చూడటం. "మా ఆయనతో ఆ భయం లేదు. ఆయనకి చెప్పినా గోడకి చెప్పినట్టే" అంది. ఖతీజా నవ్వలేదు. ఎరగా పెట్టాల్సిన చిన్న పీతకి పెద్ద కాలు విరిచి ఇచ్చింది.

ఆ మడుగులో ఉండేది ఎర్రచేప. ఖతీజా దాన్ని హమ్రా అనేది. చెట్ల వేళ్ళ సందున దాక్కుని, ఎర దగ్గరికి వచ్చేదాకా కదలదు. నీటి మీద మనిషి నీడ పడిందా, ఇక ఆ పూట రాదు. ఆటు మొదలై నీళ్ళు దిగి రాయి అంచున తడి గీత కనబడగానే దారం వదలాలి. తర్వాత కూర్చోవాలి. ఆ కూర్చోవడంలో ఎంత సుఖం ఉందో కూర్చున్నవాళ్ళకే తెలుసు. చెయ్యి దారం మీద ఉంటుంది, ప్రాణం చేతిలో ఉంటుంది, మిగతా ఒళ్ళంతా ఎక్కడో హాయిగా నిద్రపోతుంటుంది. ఇసక లేదు, ఉప్పు తగ్గడం లేదు, పిల్లలెందుకు లేరన్న ప్రశ్న లేదు. ఇంతలో దారం చూపుడువేలిని ఒక్కసారి గీరుతుంది. అప్పుడు లాగకూడదు. రెండోసారి గీరుతుంది. అప్పుడూ కూడదు. మూడోసారి అది దారాన్ని చెట్టు వేళ్ళలోకి ఈడ్చుకుపోబోయే క్షణం, సరిగ్గా ఆ క్షణం, లేచి వెనక్కి వాలిపోవాలి. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే చేప వేళ్ళ చుట్టూ దారం చుట్టేసి తెంపుకుపోతుంది. శేషుకుమారి మొదట్లో అలా తనవి రెండూ పోయాక ఖతీజా ఇచ్చినవి ఎన్ని ముళ్ళు పోగొట్టుకుందో, ఖతీజా అన్నిసార్లూ నోటికి బురఖా అంచు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మొదటి ఎర్రచేప పడ్డ రోజు ఆవిడ ఇంటికొచ్చి, అన్నం వండటం మానేసి, కాగితాలు ముందేసుకుంది. నాన్న ఉంటే ఆయనకి చెప్పేది. ఆయన పోయాడు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. దారం వేలిని గీరింది అని రాసి కొట్టేసింది. తట్టింది అని రాసి కొట్టేసింది. తలుపు తియ్యమని లోపల్నుంచి ఎవరో గోటితో అడిగినట్టుంది అని రాశాక ఆగింది. ఆ వాక్యం చదువుకుంటే వేలు మళ్ళీ జిల్లుమంది. పొద్దున్న పడిన చేప మధ్యాహ్నం మళ్ళీ పడినట్టయింది. అప్పణ్ణించి ఆవిడకి రెండు వేటలు, ఒకటి మడుగు దగ్గర, ఒకటి చాప మీద బోర్లా పడుకుని.

అది ఓ వారపత్రికకి పంపితే వేశారు. తర్వాత ఇంకోటి వేశారు. కింద "శేషుకుమారి, మస్కట్" అని ఉండేది. షినాస్ ఎక్కడ, మస్కట్ ఎక్కడ. ఆ అబద్ధం ఖతీజా కోసమే. అచ్చయిన కాగితం మడుగు దగ్గరికి తీసుకెళ్ళి తనకొచ్చిన హిందీలో చదివి చెప్పినప్పుడు, ఖతీజా శ్రద్ధగా విని, "నువ్వు రాసిన చేప నేను చూసినదానికంటే పెద్దది" అంది. కాసేపటికి, నవ్వు లేకుండా, "రాసుకో. చోటు మాత్రం ఎవరికీ చెప్పకు. అది చెప్పావంటే నేనిక నీతో కూర్చోను" అంది. శేషుకుమారి ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పనంది. మనస్ఫూర్తిగానే అంది.

కంపెనీ ప్రాజెక్టు మేనేజరు ఇంగ్లీషు దొర. సొంత దేశంలో కొండవాగుల్లో ట్రౌట్ చేపలు పట్టేవాడట. షినాస్‌లో ఆయన బాధ జీతం గురించీ కాదు, ఎండ గురించీ కాదు, ట్రౌట్ గురించే. ఈకలతో కట్టిన దొంగ ఈగల్ని అద్దాల పెట్టెలో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించి నిట్టూర్చేవాడు. ఒకసారి మూర్తిగారింటికి టీకి వచ్చి, బల్ల మీది పత్రికలో గేలం బొమ్మ చూసి ఇదేమిటన్నాడు. మూర్తిగారు సిగ్గుపడుతూ, మా ఆవిడ రాసిందన్నాడు. దొర కళ్ళు ఇంతింతయ్యాయి. వంటింట్లో ఉన్న శేషుకుమారికి ఇంగ్లీషు మాటలు వినబడ్డాయి గాని పట్టించుకోలేదు. అట్టు మాడుతోంది.

ఆ వారం నుంచి మూర్తిగారు మారిపోయాడు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, కాఫీ గ్లాసు అందుకుని, "ఈవేళ ఏం పడిందోయ్ శేషూ?" అన్నాడు.

ఆవిడ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళలో ఆయన ఆవిడని 'నీకేం జరిగింది' అని అడిగిన మొదటిసారి అది. "పడిందండీ, ఒకటి" అంది. "ఎంతుందేమిటి?" అన్నాడు. చేతులు చాపి చూపించింది. "అంతా?" అని ఆశ్చర్యపోయాడు. ఆ రాత్రి ఆవిడ తలలో పువ్వులు లేవని మొదటిసారి బాధపడింది.

మర్నాడు పకోడీలు వేసింది. ఆ మర్నాడు కొబ్బరి లేని దేశంలో కొబ్బరి సంపాదించి లౌజు చేసింది. ఆయన తింటూ అడిగేవాడు, ఆవిడ చెప్పేది. ఎర ఏమిటి? పీత, పెద్ద కాలు విరిచేసి. ఎప్పుడు వెయ్యాలి? ఆటు మొదలయ్యాక, రాయి మీద తడి గీత కనబడగానే. నీడ పడకూడదా? పడకూడదండీ, పడమటి పక్కన కూర్చోవాలి. ఆవిడ లేచి నిలబడి, కొంగు బిగించి, వెనక్కి ఎలా వాలాలో చేసి చూపిస్తే ఆయన చప్పట్లు కొట్టాడు. ఎవరైనా చూస్తే కొత్త దంపతులనుకునేవారు.

"ఇంతకీ ఆ మడుగు ఎక్కడుంది?" అన్నాడు ఒకరోజు, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

శేషుకుమారికి ఖతీజా చెయ్యి గుర్తొచ్చింది. కాని ఎదురుగా ఉన్నది పరాయివాడా? తాళి కట్టినవాడు. మొగుడికి చెప్తే పైవాళ్ళకి చెప్పినట్టా? ఖతీజావాళ్ళ పద్ధతి వేరు, మన పద్ధతి వేరు అనుకుంది. పైగా, పాపిష్టి సంతోషం, ఇన్నాళ్ళకి అడిగాడు. చెప్పకపోతే మళ్ళీ అడగడేమో.

చెప్పింది. మొత్తం చెప్పింది. పాయ వంపు, మూడు కాండాల మడచెట్టు, బురదలో గట్టిగా ఉండే దారి, అది చూపించిన ఖతీజా. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆయన అంత శ్రద్ధగా వినడం చూసి ఆవిడకి కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత వచ్చిన గురువారం దేవయ్య పైపు తొట్టిలో పెట్టి, "అమ్మా, రేపు శుక్రారం గూడ డ్యూటీ వడ్డది మాకు" అన్నాడు.

"సెలవు రోజు కదయ్యా, ఏం డ్యూటీ?"

"గా ఉప్పు పాయ దిక్కు గ్రేడర్ మిషిను పంపిండ్రు. మడచెట్లల్లకెల్లి బాట దీస్తున్నం. నిన్నటిసంది చెట్లు కొడుతనే ఉన్నం. దొర చేపలు వట్టనీకి వోతడట."

"ఎవరు చెప్పారు మీకు, అటు తియ్యమని?"

"సారే గద మార్కు జేసి సూపెట్టింది. మన సారే. మీకు జెప్పలేదా అమ్మా?"

తొట్టి నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. దేవయ్య ఆవిడ మొహం చూసి, తప్పేదో మాట్లాడాననుకుని పైపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. పాపం, అతని తప్పేముంది. కొట్టమన్నచోట కొట్టాడు.

శుక్రవారం ఆయన తెల్లారేసరికే వెళ్ళిపోయాడు. వెనకాలే ఆవిడా వెళ్ళింది. బురదలో నడవాల్సిన పని లేకపోయింది, చక్కగా బాట ఉంది. రెండు జీపులు ఆగి ఉన్నాయి. మూడు కాండాల చెట్టు లేదు. మడుగు పడమటి పక్కన చెట్లన్నీ నరికేసి ఉన్నాయి. ఎందుకో కాసేపటికి ఆవిడకి అర్థమైంది. ట్రౌట్ పట్టేవాళ్ళ పద్ధతిలో దొర పొడుగాటి బద్దలాంటి కర్ర పట్టుకుని, దారాన్ని తల మీదుగా వెనక్కి విసిరి, మళ్ళీ ముందుకి విసురుతున్నాడు. ఆ విసురుకి వెనక చోటు కావాలి. కొమ్మలకి దారం తగులుకోకుండా కొమ్మలే లేకుండా చేశారు. తాతమ్మల నాటి నీడ, దొర దారం ఊగడానికి అడ్డం వచ్చింది.

రాయి పక్కన మూర్తిగారు నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపి దొరకి చూపిస్తున్నాడు. ఆయన ఇంగ్లీషు నెమ్మదిగా, స్పష్టంగా వినబడింది. తడి గీత కనబడాలి సార్. నీడ పడకూడదు సార్. మొదటిసారి తగిలితే లాగకండి సార్, మూడోసారి దాకా ఆగండి. దొర అడిగినదానికి జవాబుగా కొంగు లేని ఆయన, కొంగు బిగించినట్టు నడుం మీద చెయ్యి పెట్టి, వెనక్కి వాలి చూపించాడు. ఆవిడ వాలినట్టే. దొర పకపకా నవ్వాడు. మూర్తిగారూ నవ్వాడు.

శేషుకుమారికి పకోడీలు, లౌజు, చప్పట్లు, శేషూ అన్న పిలుపు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డాయి. ఆ సాయంత్రాల్లో ఆయన వింటున్నది తన మాట కాదు. తనని కాదు. వేరే దేశం వెళ్ళి స్థలం సర్వే చేసినట్టు పెళ్ళాన్ని సర్వే చేశాడు. ఆయన ఇంకో ఆడదాని దగ్గరికి వెళ్ళాడని విన్నా ఇంత నొప్పి పుట్టేది కాదేమోననుకుంది.

తిరిగి వస్తుంటే బాట మొదట్లో, నరికిన కొమ్మల కుప్ప మీద ఖతీజా కూర్చుని ఉంది. లేవలేదు.

"రాశావా?" అని అడిగింది.

"లేదు. ఒట్టు. ఎక్కడా రాయలేదు."

"మరి?"

ఆయన నా వెనకాలే వచ్చి చూశాడు అనొచ్చు. నాకు తెలీకుండా కనిపెట్టాడు అనొచ్చు. అలా అంటే ఖతీజా నమ్మేది కూడా. కాని ఆ రాయి మీద ఇద్దరూ కూర్చున్న ఇన్నాళ్ళలో ఒకరికొకరు అబద్ధం చెప్పుకోలేదు. "మా ఆయనకి చెప్పాను" అంది శేషుకుమారి.

ఖతీజా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ప్రేమగా అడిగాడా?" అంది.

శేషుకుమారి తలూపింది. తలూపాక ఏడుపు వచ్చింది, ఆపుకోలేకపోయింది.

"ప్రేమగానే అడుగుతారు" అంది ఖతీజా. లేచి, కొమ్మల్లోంచి పనికొచ్చే పుల్లలు కొన్ని ఏరుకుని చంకన పెట్టుకుంది. "మా అమ్మ నాకు చోటు కంటే ముందు ఆ మాట చెప్పింది. నేను నీకు ముందు చోటు చూపించాను. తప్పు నాదే" అని ఊళ్ళోకి వెళ్ళిపోయింది. చెప్పిన మాట ప్రకారం మళ్ళీ ఆవిడతో కూర్చోలేదు. దారిలో ఎదురైతే సలాం చెప్పేది, అంతే.

దొర ఆ శుక్రవారం మంచి చేపలు పట్టాడు. మరుసటి శుక్రవారం ఒకటి పట్టాడు. నీడ పోయిన మడుగులో నీళ్ళు వేడెక్కాయి, ఎర్రచేప వేళ్ళు వెతుక్కుంటూ ఎక్కడికో పోయింది. దొర మళ్ళీ ట్రౌట్‌ని తలుచుకుని నిట్టూర్చడం మొదలుపెట్టాడు. కాని మంచి మనసున్న దొర, చేసిన మేలు మర్చిపోలేదు. మూర్తిగారికి మస్కట్ హెడ్డాఫీసుకి బదిలీ వచ్చింది, రూవీలో కరెంటూ పంపూ ఉన్న ఫ్లాటు వచ్చింది.

ఆ కబురు తెచ్చిన సాయంత్రం ఆయన కాఫీ గ్లాసు అందుకుని, "అంతా నీ వల్లేనోయ్ శేషూ" అన్నాడు. నిజంగా సంతోషంగా ఉన్నాడు. ఆవిడకి ఏదో అన్యాయం జరిగిందన్న ఊహ ఆయన బుర్రలో లేదు. "మా మడుగు పాడుచేశారు కదండీ" అంటే, "ఎవరి మడుగే? గవర్నమెంటుది" అన్నాడు. తర్వాత, అదే గొంతుతో, అంతే ప్రేమగా, "వేసవిలో ఆ చేపలు ఎటు పోతాయో ఆ ఖతీజాకి తెలిసే ఉంటుందంటున్నాడు దొర. నువ్వడిగితే చెప్పదూ?" అన్నాడు.

శేషుకుమారి ఆయన వంక చూసింది. గోడ అనుకుంది తను. గోడైనా బాగుండేది. ఖతీజా ఒకసారి మాటల్లో చెప్పింది, వేసవిలో అవి ఎటు వెళ్తాయో, ఏ రాళ్ళ కింద చేరతాయో. ఆవిడకి ప్రతి ముక్కా గుర్తుంది.

"ఏమోనండీ, ఆవిడకీ తెలీదట" అంది. పెళ్ళయ్యాక ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యమేసింది.

రూవీలో చాలా ఏళ్ళున్నారు. పత్రికలో శేషుకుమారి పేరు మళ్ళీ కనబడలేదు. ఎవరైనా తెలుగువాళ్ళు భోజనానికి వస్తే మూర్తిగారు ఆ పాత పత్రికలు తీసి చూపించేవాడు. "మా ఆవిడ షినాస్‌లో చేపలు పట్టేది, బ్రహ్మాండంగా రాసేది. మస్కట్ వచ్చాక ఎందుకో రెండూ మానేసింది" అని బాధపడేవాడు. ఆవిడ వడ్డిస్తూ వినేది. అప్పుడప్పుడు ఆ భోజనంలో చేపల పులుసు ఉండేది, చేప మరీ తాజాగా ఉండేది. ఎక్కడిదోయ్ శేషూ ఇంత మంచి చేప అని ఆయన అడిగేవాడు.

"మత్రా బజార్లో కొన్నానండీ" అనేది శేషుకుమారి.